ఒక పొయ్యి, ఒక కుటుంబం

సుదర్శనం మాస్టారి భార్య పోయిన రోజు వేరు, ఆయన కుటుంబం పోయిన రోజు వేరు. భార్య శ్రావణమాసంలో పోయింది. కుటుంబం కార్తీకంలో, పట్టపగలు, రేవుపాలెం పురపాలక సంఘం ఉద్యోగులిద్దరు ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళిన రోజున పోయింది.

శ్రావణంలో జరిగినదాన్ని గురించి చెప్పేది ఎక్కువ లేదు. హైమ జ్వరంతో ఆస్పత్రికి ఆటో ఎక్కుతూ, "అమ్మా, పొయ్యి మీద పాలున్నాయి చూడు. వెళ్ళొస్తాను" అంది. గడప దాటేటప్పుడు ఊళ్ళో ఎవరైనా అనే మాటే అది. కూతురి జ్వరానికి సాయంగా వచ్చిన సీతారావమ్మ గారు పాలు పొంగకుండా చూసి, పొయ్యి కట్టేశారు. ఆ పొయ్యి మళ్ళీ వెలగలేదు. యజమానురాలు లేని పొయ్యి మీద చెయ్యి వేయడం తనకు తగదని ఆవిడ అనుకున్నారు. ఆ వయసు మనిషిని వండిపెట్టమనడం తనకు తగదని మాస్టారు అనుకున్నారు. ఆ ఇంట్లోనే ఉండిపోయిన ఆవిడ వెనక వసారాలో చిన్న కరెంటు పొయ్యి మీద రాగిజావ కాచుకుని తాగేవారు. ఆయన సందు చివర నూకరత్నం కర్రీ పాయింట్ నుంచి క్యారేజీ తెచ్చుకుని తినేవారు.

ఈ సంగతి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే తేలిపోయేది. కానీ అత్తా అల్లుళ్ళు మాట్లాడుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు. పెళ్ళైన రోజునుంచీ సీతారావమ్మ గారు అల్లుడికి చెప్పదలచుకున్నదంతా కూతురితోనే చెప్పేవారు. "అమ్మాయ్, అల్లుడుగారు గొడుగు మర్చిపోయారే" అనేవారు, అల్లుడుగారు మూడడుగుల దూరంలో నిలబడి ఉండగా. ఆయనా "హైమా, అత్తయ్యగారి కళ్ళజోడు కిటికీలో ఉంది" అనేవారు. ఇప్పుడు కూడా అదే పద్ధతి నడుస్తోంది. ఆవిడ వంటింటి గుమ్మం వైపు తిరిగి "అమ్మాయ్" అంటారు. ఆయన అదే గుమ్మం వైపు చూసి జవాబు చెబుతారు. ఇద్దరిలో ఎవరికీ అది వింతగా తోచలేదు. ఇంకెలా మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియదు.

ఇలా ఉండగా పురపాలక సంఘంలో కుటుంబ రూప నిర్ధారణ విభాగం వెలిసింది. దానికి వర్ధనరావు గారు ప్రత్యేకాధికారి. ఆయన చాలా అధ్యయనం చేసిన మనిషి. తాతల కాలంలో ఇంటికి ఇరవై విస్తళ్ళు లేచేవి, తండ్రుల కాలంలో ఆరు కంచాలు, మన కాలంలో రెండు ప్లేట్లు, ఇప్పుడు ఒక మనిషీ ఒక పార్సిలూ అని ఆయన కనిపెట్టారు. ఇలా రోజుకో రూపం మారుతుంటే లెక్కలు ఎలా కుదురుతాయి? మారుతున్నదాన్ని లెక్కపెట్టడం అసాధ్యం కాబట్టి ముందుగా ఆపాలి, ఆ తర్వాత లెక్కపెట్టాలి అని నివేదిక సమర్పించారు. పై వాళ్ళకు అది నచ్చింది. పథకం పేరు 'ఒక పొయ్యి, ఒక కుటుంబం'. ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్ళంతా ఒక కుటుంబం. పొయ్యి లేకపోతే కుటుంబం లేదు. కరెంటు పొయ్యి లెక్కలోకి రాదు. గోడలూ గదులూ తాళిబొట్లూ, వీటికి కార్యాలయం దృష్టిలో విలువ లేదు.

వచ్చిన ఇద్దరు ఉద్యోగులూ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద వేలు పెట్టి చూశారు. వేలికి దుమ్ము అంటింది. ఆ వేలును ఒకాయన రెండో ఆయనకు చూపించారు. రెండో ఆయన ఫోటో తీశారు.

"మీరేం తింటారు మాస్టారూ?"

"నూకరత్నం గారి క్యారేజీ అండి."

"పెద్దావిడ?"

"అమ్మాయ్, జావ తాగుతానని చెప్పవే" అన్నారు సీతారావమ్మ గారు గుమ్మం వైపు తిరిగి. ఉద్యోగులు అటు చూశారు. అక్కడ ఎవరూ లేకపోవడంతో జావ అని మాత్రం రాసుకున్నారు.

నాలుగోనాడు తాఖీదు వచ్చింది. సదరు గృహమందు కుటుంబము అంతరించినట్లు నిర్ధారణ అయినది. సుదర్శనం అనువారు నూకరత్నం అనువారి కుటుంబ సభ్యులుగా పరిగణింపబడిరి. సీతారావమ్మ అను వృద్ధురాలు అవశేష వ్యక్తిగా గుర్తింపబడినందున, ఆమెను రక్తసంబంధ సమీప పొయ్యికి అనుసంధానము చేయుటకు చర్యలు తీసుకొనబడును. ఆ సమీప పొయ్యి కాకినాడలో ఉంది. ఆవిడ అన్నగారి మనవడిది. అతన్ని ఆవిడ బారసాలలో చూశారు.

మాస్టారు తాఖీదు బిగ్గరగా చదివారు. వినిపించాల్సిన మనిషి వసారాలో ఉన్నారు కాబట్టి గుమ్మానికి చదివి వినిపించారు.

వసారాలోంచి మాట వచ్చింది. "అమ్మాయ్, పోనీలే. నేను వెళితే ఆయనకు వసారా ఖాళీ అవుతుంది. బట్టలు ఆరేసుకోవచ్చు."

మాస్టారికి వసారా అక్కర్లేదు. ఆ మాట పైకి అనాలనుకున్నారు. కానీ అది గుమ్మంతో అనే మాటలా తోచలేదు. మర్నాడు సెలవు పెట్టి కార్యాలయానికి వెళ్ళారు.

వర్ధనరావు గారు ఆదరంగానే కూర్చోబెట్టారు. "చూడండి మాస్టారూ, మానవీయ కోణాన్ని మేం విస్మరించలేదు. కానీ ఏతావాతా ప్రశ్న ఏమిటి? అత్తగారు, అల్లుడు. మధ్యలో ఉండవలసిన వ్యక్తి లేరు. మీరు మూడో తరగతికి 'మన కుటుంబం' పాఠం చెబుతారు కదా?"

"చెబుతానండి."

"అందులో బొమ్మ ఉంటుంది. తాతగారు పేపరు చదువుతుంటారు, నాన్న బ్యాగు పట్టుకుని ఉంటాడు, అమ్మ వడ్డిస్తుంటుంది. అత్తగారూ అల్లుడూ మాత్రమే ఉన్న బొమ్మ ఎప్పుడైనా చూశారా?"

"లేదండి."

"మరి!" అన్నారు వర్ధనరావు గారు, బరువు దించుకున్నట్టుగా.

"ఆవిడ కూడా నాతోపాటు క్యారేజీ తింటే ఒకటే కుటుంబం అవుతామా అండి?"

ప్రత్యేకాధికారి కుర్చీలో ముందుకు జరిగారు. నిబంధన తనకు తానే ప్రకాశించడం ఆయన కళ్ళారా చూశారు. "నిస్సందేహంగా! ఇద్దరూ నూకరత్నం గారి కుటుంబం అవుతారు."

ఆ పూట మాస్టారు రెండు క్యారేజీలు తెచ్చారు. ఒకటి వంటింటి గుమ్మం దగ్గర పెట్టి, "హైమా, కాకినాడ తప్పాలంటే అత్తయ్యగారు ఇది తినాలి" అన్నారు. సీతారావమ్మ గారు మూత తీసి చూశారు. "అమ్మాయ్, దొండకాయలో ఈ కొబ్బరి ఏమిటే" అన్నారు. తిన్నారు.

కాకినాడ తప్పిందని వీధిలో తెలిసేసరికి మిగతావాళ్ళకూ ధైర్యం వచ్చింది. రేవుపాలెంలో మాస్టారి ఇంటిలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి. అక్క పోయాక బావ పిల్లల్ని పెంచుతున్న మరదలు, ఒకే గదిలో ఉండే ముగ్గురు నర్సులు, కొడుకుతో మాటల్లేక కోడలి దగ్గర ఉంటున్న మావగారు, తమ్ముడి రెండో భార్యా మొదటి భార్య కొడుకూ. వీళ్ళలో ఎవరికీ బొమ్మ లేదు. అందరూ నూకరత్నం దగ్గర వరస కట్టారు. నెల తిరిగేసరికి ఆవిడ నాలుగు వందల మంది ఉన్న కుటుంబానికి యజమానురాలైంది.

పురపాలక సంఘం మైదానంలో షామియానా వేసి ఆవిడకు శాలువా కప్పింది. వర్ధనరావు గారు మైకు పట్టుకున్నారు. "శిథిలావస్థకు చేరుకున్న ఉమ్మడి కుటుంబ వ్యవస్థ మన పట్టణంలో పునరుజ్జీవం పొందింది. సగటు కుటుంబ పరిమాణంలో మనం జిల్లాలోనే అగ్రస్థానంలో ఉన్నాం. ఈ మహాతల్లి ఒక్క పొయ్యితో సాధించినది మన పూర్వీకులు ఏడు తరాల్లోనూ సాధించలేకపోయారు" అన్నారు.

నూకరత్నం శాలువా మడత పెట్టుకుని, కింద కూర్చున్న మాస్టారి దగ్గరికొచ్చింది. "మాస్టారండీ, నాకు పిల్లల్లేరని మా అత్త బతికినన్నాళ్ళూ ఊరంతా చెప్పుకొచ్చిందండి. ఇప్పుడొచ్చి చూడమనండి. నిన్న ఒకాయన, నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద, వంకాయ కూర పొట్లం చేత్తో పట్టుకుని 'అమ్మా, కుటుంబ పత్రంలో ఇక్కడో సంతకం పెట్టు' అన్నాడండి."

"పెట్టారా?"

"పెట్టక ఏం చేస్తానండి, కన్నాక తప్పుద్దా?"

చిక్కులు పెళ్ళితో మొదలయ్యాయి. హార్డ్‌వేర్ కొట్టు గుమస్తా ఒకడూ, టైలరింగ్ నేర్పే పిల్ల ఒకర్తీ దండలతో సహా రిజిస్ట్రేషన్‌కి వెళితే వెనక్కి పంపేశారు. ఇద్దరూ నూకరత్నం కుటుంబ సభ్యులే. ఒకే పొయ్యి బిడ్డలు.

"మేం కలుసుకున్నదే ఆవిడ కొట్టు దగ్గరండి. గోంగూర పచ్చడి ఒక్క పొట్లమే మిగిలితే ఈయన నాకిచ్చేశాడు" అంది ఆ పిల్ల.

"అదేనమ్మా మేం చెప్పేది. అన్నయ్య చెల్లెలికి ఇచ్చాడు" అన్నారు కార్యాలయం వారు.

"పోనీ రేపట్నుంచి నేను మెయిన్ రోడ్డు మెస్‌లో తింటాను."

"అప్పుడు ఆ కుటుంబానికి దత్తత వెళ్ళినట్టు. కన్నతల్లి అంగీకారపత్రం కావాలి."

కన్నతల్లి పకోడీలు తీస్తూ అంగీకారపత్రం మీద సంతకం చేసింది. నూనె మరక పడిందని దాన్నీ తిరగ్గొట్టారు.

పప్పు ఇక్కడా పులుసు అక్కడా కొనుక్కునేవాళ్ళ మీద రెండు కుటుంబాలు నడుపుతున్న నేరం మోపారు. ఆదివారం బయట తినేవాళ్ళను తాత్కాలిక వలసదారులన్నారు. మాస్టారు ఇవన్నీ చూస్తూనే రోజూ రెండు క్యారేజీలు తెచ్చేవారు. ఆయనకు కావలసింది ఒక్కటే, వసారాలో ఆ మనిషి ఉండటం. అందుకోసం ఎవరికి కొడుకు కమ్మన్నా ఆయనకు అభ్యంతరం లేదు.

అంతలో రిటైరైన బిల్ కలెక్టరు ఒకాయన పోయాడు. పెద్ద వయసు, నిద్రలోనే పోయాడు. రోజూ నూకరత్నం దగ్గర మెత్తటి పెరుగన్నం తీసుకెళ్ళేవాడు. దేవాలయం వారు పురపాలక సంఘం జాబితా తెప్పించుకుని, నూకరత్నం గారి కుటుంబానికి మైల వచ్చిందని ప్రకటించారు. పుష్యమాసం. అభిషేకాలకు చీటీలు తీసుకున్న నాలుగు వందల మందినీ గుడి మెట్ల దగ్గరే ఆపేశారు. ఒక లాయరు గారు మెట్లమీద నిలబడి, తాను పోయినాయన ముఖమైనా చూడలేదని వాదించారు. "పెరుగన్నం ఒక గిన్నెలోదే కదండీ" అన్నారు పూజారిగారు. లాయరు గారు మెట్లు దిగారు.

ఆ పూట సుదర్శనం మాస్టారు క్యారేజీలు పట్టుకుని వెళితే కర్రీ పాయింట్ షట్టరు దించి ఉంది. నూకరత్నం బయట స్టూలు మీద కూర్చుని ఉంది. ఎదురుగా వర్ధనరావు గారు, ఆయన వెనక ఖాళీ గిన్నెలతో సగం ఊరు.

"అమ్మా, పొయ్యి ఆర్పేస్తే కుటుంబం రద్దవుతుంది. నాలుగు వందల మంది ఒక్క పూటలో అవశేష వ్యక్తులవుతారు. ఇంతమందిని అనుసంధానం చేయడానికి మా దగ్గర అన్ని కాకినాడలు లేవు" అంటున్నారాయన.

"ఆయ్, నాకు తెలవదేంటండి. కానీ పోయినాయన మా ఇంట్లో మనిషేనని కాగితం ఇచ్చింది మీరేగా? మనిషి పోయిన ఇంట్లో పొయ్యి ఎలిగిస్తారా అండి ఎవరైనా?"

"అది వేరు, ఇది వేరు."

"ఎలా వేరండి? ఇల్లాలు పోయిందని మాస్టారింట్లో పొయ్యి ఎలక్కపోతే, కుటుంబమే లేదని రాసేరు. ఇప్పుడు నా పొయ్యి ఎలక్కపోతే మీ లెక్క పోద్దని పరిగెత్తుకొచ్చేరు. బిల్ కలెక్టరుగారు ఆర్నెల్లుగా నా పెరుగన్నం తిన్నారండి. ఇంత ఉప్పు తగ్గించమని రోజూ చెప్పేవోరు. మీరు రాసినా రాయకపోయినా ఇయ్యాళ నేను వండను." స్టూలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

జనం ఖాళీ గిన్నెలతో ఇళ్ళకు వెళ్ళారు. సాయంత్రానికి ఆటోలో మైకు తిరిగింది. రేపు ఉదయం ప్రత్యేకాధికారి గారు స్వయంగా గృహ సందర్శనకు విచ్చేయుచున్నారు. ప్రతి గృహమందు ఒక పొయ్యి వెలుగుతూ, దానిపై ఆహారపదార్థము ఉడుకుతూ కనిపించవలెను. కనిపించని వారు తమ సమీప పొయ్యికి బయలుదేరుటకు సిద్ధముగా ఉండవలెను.

తెల్లవారింది. సీతారావమ్మ గారు తన సంచీ సర్దుకుని వసారాలో పెట్టుకున్నారు. రెండు చీరలు, కళ్ళజోడు, హైమ చిన్నప్పటి దువ్వెన ఒకటి. మాస్టారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఇద్దరూ ముందు రోజు మధ్యాహ్నంనుంచీ ఏమీ తినలేదు.

"హైమా, అత్తయ్యగారు రాత్రి జావ కూడా తాగలేదు" అన్నారు.

"అమ్మాయ్, ఆయన మాత్రం ఏం తిన్నారే. బడికి ఖాళీ కడుపుతో వెళతారా?"

మాస్టారు నెమ్మదిగా అన్నారు. "హైమా, నాకు వసారా అక్కర్లేదని చెప్పు. బట్టలు మేడమీద ఆరేసుకుంటాను."

వసారాలో సంచీ పక్కకు జరిపిన చప్పుడైంది. తర్వాత సీతారావమ్మ గారు లేచి వచ్చారు. గుమ్మం దగ్గర ఆగి, "నీ పొయ్యి ముట్టుకుంటున్నానే అమ్మాయ్" అని లోపలికి వెళ్ళారు. లైటరు పనిచేయలేదు. మాస్టారు అగ్గిపెట్టె వెతికి గట్టుమీద పెట్టారు. మంట అంటుకుంది. ఆవిడ పాలు పెట్టారు. పొంగకుండా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

వర్ధనరావు గారు అప్పుడే వచ్చారు. మంటకు అరచెయ్యి చూపించి వేడి నిర్ధారించుకుని, తృప్తిగా ట్యాబ్ తెరిచారు. "పొయ్యి ఉంది. పదార్థం ఉంది. తినేవారు ఇద్దరు. సంతోషం. ఇప్పుడు ఇద్దరికీ సంబంధం? ఒకరికొకరు ఏమవుతారో ఈ జాబితాలో లేదు మాస్టారూ. అప్పుడే చెప్పాను కదా, మధ్యలో వ్యక్తి కావాలి. ఇంతకీ ఇంటి యజమాని ఎవరు?"

"అమ్మాయ్, ఎవరని చెప్పమంటావే?" అన్నారు సీతారావమ్మ గారు.

వర్ధనరావు గారు వంటింట్లోకి తొంగి చూశారు. "ఎవరితో మాట్లాడుతున్నారు?"

"మా అమ్మాయితో బాబూ."

"ఇంట్లో ఉన్నారా?"

"లేదండి. శ్రావణంలో..." అన్నారు మాస్టారు.

ప్రత్యేకాధికారి చెయ్యి ఎత్తి ఆపారు. "మరణం మా పరిధిలోకి రాదు. దానికి వేరే విభాగం ఉంది, కింద, మెట్ల పక్కన. వాళ్ళ కాగితం మా దగ్గరికి రాదు, మా కాగితం వాళ్ళ దగ్గరికి వెళ్ళదు. ఇక్కడ రెండే గడులు. 'ఇంట ఉన్నారు', 'తాత్కాలికంగా ఇంట లేరు'. ఈ ఇంట్లో మీ ఇద్దరి మధ్య మాటలు ఆవిడ ద్వారానే నడుస్తాయా?"

"పెళ్ళైన దగ్గర్నుంచీ అంతేనండి."

"ఇప్పటికీ?"

"ఇప్పటికీ."

వర్ధనరావు గారి ముఖం వికసించింది. "మరి ముందే చెప్పవచ్చు కదా! సంధానకర్త క్రియాశీలంగానే ఉన్నారు. వెళ్ళేటప్పుడు ఏం చెప్పి వెళ్ళారు?"

సీతారావమ్మ గారు పాలవైపే చూస్తున్నారు. "వెళ్ళొస్తానంది బాబూ."

"ఎప్పుడొస్తారు?"

"అది చెప్పలేదండి" అన్నారు మాస్టారు.

ఆయన రెండో గడిలో వేలు పెట్టి నొక్కారు. కుటుంబ యజమాని హైమావతి, తాత్కాలికంగా ఇంట లేరు. భర్త ఒకరు, తల్లి ఒకరు. కుటుంబం సక్రమం. కాకినాడ రద్దు. "తిరిగి వచ్చే తేదీ మాత్రం ఆరు నెలల్లోగా నమోదు చేయాలి. అంతవరకు నేను ఆమోదిస్తున్నాను" అని, కరచాలనం చేసి పక్కింటికి వెళ్ళారు. ఈ మాటల్లో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. సీతారావమ్మ గారు గుడ్డతో తుడిచారు. సంచీ విప్పి చీరలు దండెం మీద వేశారు.

నూకరత్నం వారం తర్వాత షట్టరు ఎత్తింది. కొట్టు ముందు బోర్డు పెట్టింది, 'ఇక్కడ కూరలు మాత్రమే'. టైలరింగ్ పిల్ల పెళ్ళి గుళ్ళో జరిగింది. కార్యాలయం లెక్కలో మాత్రం వాళ్ళు ఇంకా అన్నాచెల్లెళ్ళే.

ఉగాది వెళ్ళింది. ఎండలు ముదిరాయి. మాస్టారి ఫోనుకు పురపాలక సంఘం నుంచి వారం వారం సందేశం వస్తోంది, యజమాని తిరిగి వచ్చు తేదీని వెంటనే నమోదు చేయగలరని. అది మోగినప్పుడల్లా "అమ్మాయ్, అల్లుడుగారి ఫోను మోగుతోందే" అని వంటింట్లోంచి వినిపిస్తుంది. మాస్టారు ఫోను తీసి చూసి, మళ్ళీ బల్ల మీద పెడతారు.

తేదీ ఇంకా నమోదు చేయలేదు.